వెట్టికి ఊరు చెప్పిన తీర్పు

నిజాం కాలపు తెలంగాణలో దొర గడీకి కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, చాకలి బట్టలుతకాలి, గౌడు కల్లు పోయాలి. కూలి లేదు, అదే వెట్టి. అధికారి ఊళ్లోకొస్తే మూటలు మోయడానికీ మనుషులు సిద్ధంగా ఉండాలి. దీన్ని ఆనవాయితీ అన్నారు. ఆనవాయితీ అనేస్తే లెక్క అడిగేవాడు ఉండడు కదా!

అప్పు తీరేదాకా దొర పొలంలో పనిచేసే జీతగాళ్లను భాగేలాలనేవారు. తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకునేది. 1936లో హైదరాబాద్ ప్రభుత్వం భాగేలా ఒప్పందాలకు హద్దులు పెట్టింది. అయితే ఊళ్లో అధికారం చెలాయించే పటేలు, పట్వారీలు చాలాచోట్ల గడీ పక్షమే.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సభ జరుపుకొన్న ఆంధ్ర మహాసభ మొదట్లో చదువులు, సంస్కరణల గురించే ఎక్కువ మాట్లాడింది. 1944 భువనగిరి సభ తర్వాత అది పల్లె జనం నోట ‘సంగం’ అయింది. ఇక వెట్టి చెయ్యబోమని ఊళ్లకు ఊళ్లే తేల్చి చెప్పాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు వదల్లేదు. 1946 జులై 4న కడవెండిలో సంగం ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపారు. సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు.

ఊళ్లు ఈ తీర్పు చెప్పిన చాలా ఏళ్లకు, 1976లో వెట్టిచాకిరీని శిక్షార్హం చేసిన కేంద్ర చట్టం వచ్చింది. విముక్తులైనవారి బాగోగులు చూసే పనిని జిల్లా మేజిస్ట్రేట్లకూ విజిలెన్స్ కమిటీలకూ అప్పగించింది.