దుర్గము చెరువు వేడిమి

కుతుబ్‌షాహీల ఏలుబడిలో గోలకొండ కోటవారి దాహము తీర్చిన దుర్గము చెరువు, మాదాపురమునకును జూబిలీ హిల్సునకును నడుమ, రమారమి 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు గుట్టల మరుగున చిరకాలము దాగియుండి, 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప గాజుమేడల నడుమ బయల్పడినది. 2020లో దానిపై తీగల వంతెన వెలసినది. వంతెనపై నిలిచి ఫోటోలు దిగువారికి ఆ నీటి అందము తెలియును గాని వేడిమి తెలియదు; చేప బ్రదుకు మాత్రము ఆ వేడిమిపైననే ఆధారపడియున్నది.

మత్స్యము శీతరక్త జీవి. చుట్టునున్న నీటి ఉష్ణమే దాని దేహోష్ణము అగుటచేత, నీరు చల్లబడినకొలది జీర్ణశక్తి మందగించి మేత తగ్గును. వెచ్చబడినకొలది, ఒక హద్దు వరకు, ఆకలియు పెరుగుదలయు హెచ్చును. తెల్లదొరలు రెండువేల మీటర్లకు పైనున్న నీలగిరి జలములలో 20వ శతాబ్దారంభమున తమకు ప్రియమైన ట్రౌటు చేపను పెంచి కృతార్థులైరి గాని, 500 మీటర్ల ఎత్తుననుండు మన పీఠభూమిలో ఆ చలినీటి చేప ఒక్క వేసవినైనను దాటజాలదు. మన బొచ్చె, రవ్వ, మోసు అట్లుగాక 25 మొదలు 30 డిగ్రీల వరకు గల నీటిలో చక్కగా మేసి, వసతి కుదిరినచో ఏడాదికే కిలో బరువు తూగును. అయితే ఈ మూడు జాతులును నిలకడనీట గ్రుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో పిట్యూటరీ గ్రంథి రసమును సూదితో ఎక్కించి పెట్టించువరకు, వాని పిల్లలను నదులనుండియే ఏరి తేవలసియుండెను.

దక్కను రాజులకు మత్స్యవిషయము కొత్తది కాదు. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున మత్స్యవినోదమును, ఏ చేపకు ఏ ఎర తగునో కూడ, సవిస్తరముగ వర్ణించెను. ఇక గంగపుత్రులును ముదిరాజులును గ్రంథములతో పనిలేకయే కార్తెలనుబట్టి నీటిని ఎరుగుదురు. మృగశిర ప్రవేశించిననాడు చేపకూర తినుట మన ఆచారము. హైదరాబాదులో బత్తిని వంశీయులు ఆనాడు బ్రదికియున్న కొర్రమీను పిల్ల నోట మందుంచి ఉబ్బసరోగులచే మ్రింగించుట దేశప్రసిద్ధము. ఆ మందుపై నాకు నమ్మకము లేదు గాని, కార్తె ఎన్నికను మెచ్చుకొందును. వెచ్చని నీట మేసి బలిసిన చేప, నీరు తగ్గిన చెరువులో వలకు సులభముగ చిక్కు తరుణమది. పిమ్మట తొలకరి వానలకు చెరువు నిండి, మత్తడి దూకి, గొలుసుకట్టున ఒక చెరువునుండి వేరొక చెరువునకు నీరు పారుచుండగా, చేపలు ఆ వరదకు ఎదురెక్కుచుండెడివి.

వేడిమికి వేరొక ముఖము కలదు. 15 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నరతో సరిపెట్టుకొనును. చేప ఆకలి హెచ్చిన సమయముననే దానికి ఊపిరి కరవగుచున్నదన్నమాట. మురుగు కలిసినచో నాచు ప్రబలి, రాత్రియెల్ల ఆ కొద్ది వాయువును తానే హరించును. అట్టి చెరువున వేసవి తెల్లవారుజామున చూచినచో, బొచ్చెలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి తేలుచుండును. గాలిని నేరుగ పీల్చు అవయవము గల కొర్రమీను మాత్రము ఒక్క గుటక మ్రింగి చటుక్కున మునుగును. తెలంగాణము దానిని రాష్ట్రమత్స్యముగ ఎన్నుకొనుట ఎంతయు సమంజసము.

కావున నగరపు చెరువులలో చేపలు చచ్చి తేలినప్పుడెల్ల ఎండను నిందించుట న్యాయము గాదు. ఎండ కుతుబ్‌షాహీల నాడును ఉండెను. అయితే ఆనాడు వానలకు నీరు మారుటకు గొలుసుకట్టు తెగక యుండెను, కాలనీల మురుగు లేకుండెను. వర్షాకాలమున చేపపిల్లలను వదలు అధికారులు, అంతకుముందే వేసవిలో మురుగు కాలువలను చెరువునుండి మళ్లింపవలెను.