రిజర్వేషను లెక్కల వలస

నేతపనికై తెలంగాణము నుండి షోలాపూరు వచ్చి స్థిరపడిన మన కుటుంబములకు ఉగాదికి ఊరికి పోవుట యొక ఎత్తు, తిరిగి వచ్చుట యొక ఎత్తు. తిరుగు ప్రయాణమునకు బెర్తు కావలెనన్న, ఆ బండి బయలుదేరు స్టేషనుకు టెలిగ్రాము పంపి జవాబు కొరకు ఎదురుచూడవలసి యుండెడిదని పెద్దలు చెప్పుదురు. జవాబు రానిచో పిల్లలతో, మూటలతో, ఊరగాయ జాడీలతో జనరలు పెట్టెయే గతి. ఈ చిక్కు ఎట్లు వీడినదో రైల్వే గుమాస్తాలమైన మేము తెలిసినంతలో వ్రాయుచున్నాము.

ఆ కాలమున ప్రతి బండికి, ప్రతి తేదీకి రిజిష్టరులో పుటలుండెడివి. బెర్తు నంబరు కెదురుగా పేరు సిరాతో వ్రాయుటయే రిజర్వేషను. రిజిష్టరు ఎక్కడనో అమ్మకమును అక్కడనే. పుట ఒక్కటే గనుక ఒక బెర్తును ఇద్దరికి అమ్ముట అరుదు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

1985లో న్యూఢిల్లీలో ఈ పుటలు కంప్యూటరులోని కెక్కుట మొదలైనది. నాడు ప్రభుత్వ సంస్థగా నుండిన సి.ఎం.సి. తయారుచేసిన ‘ఇంప్రెస్’ అను ప్రోగ్రామును వాక్స్ యంత్రములపై నడిపిరి. పిదప బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకును అది వచ్చినది. ఒకే కౌంటరులో అనేక బండ్లకు టిక్కెట్టు దొరకుట గొప్ప సదుపాయమే. కాని ఐదు కేంద్రములకు ఐదు వేరు లెక్కలు! ఒకచోటి యంత్రమునకు మరియొకచోటి ఖాళీలు తెలియవు. మన తిరుగు టిక్కెట్టు కష్టము అట్లే నిలిచినది.

1986లో ఏర్పడిన రైల్వే సమాచార సంస్థ ‘క్రిస్’ దీనికి బదులుగా ‘కన్సర్ట్’ అను క్రొత్త ఏర్పాటును సిద్ధముచేసి, 1994లో మొట్టమొదట సికింద్రాబాదులోనే అమలుపరచినది.

ఇట్టి మార్పు ఎంత కష్టమో లెక్కలు వ్రాయువారికే తెలియును. కిరాణా దుకాణమువాడు ఖాతా మార్చదలచిన రెండురోజులు తలుపు మూసికొనవచ్చును. రైలు ఆగునా? రాబోవు వారములకు అమ్మిన బెర్తులన్నియు పాత లెక్కలోనే యుండును. పేరు, వయస్సు, బండి, తేదీ, పెట్టె, బెర్తు, పి.ఎన్.ఆర్. నంబరు, అన్నియు తప్పుపోకుండ క్రొత్తదానిలోనికి రావలెను. వెయిటింగు లిస్టు వరుసలో ఒక పేరు క్రిందిమీదైనను కౌంటరువద్ద తగవు తప్పదు.

ఇక రెండవ చిక్కు. అన్ని బండ్ల లెక్కను ఐదుచోట్లను నకలు వ్రాసి పెట్టుకొన్నచో, ఢిల్లీలో ఒకరికి, మద్రాసులో మరొకరికి ఒకే క్షణమున ఒకే బెర్తును అమ్మవచ్చును. అందుచే కన్సర్టులో పాత రిజిష్టరు ధర్మమునే నిలిపిరి. ఒక్కొక్క బండి లెక్క ఒక్కొక్క కేంద్రముననే యుండును. దూరపు కౌంటరు నుండి కోరిక మాత్రము తీగపై అక్కడికి పోయి జవాబుతో తిరిగివచ్చును. మధ్యలో లైను తెగినచో అమ్మకము పూర్తిగా నమోదు కావలెను, లేదా బొత్తిగా రద్దు కావలెను. సగము అమ్మిన బెర్తు ఉండరాదు. అందరును తెరను, అచ్చు టిక్కెట్టును మెచ్చుకొందురు గాని, మా దృష్టిలో అసలు పనితనము ఇక్కడనే యున్నది.

1999 నాటికి ఐదు కేంద్రములును ఒక్కటిగా కలిసినవి. షోలాపూరు కౌంటరులోనే సికింద్రాబాదునుండి తిరుగు టిక్కెట్టు చేతికి వచ్చినది. 2002 ఆగస్టు నుండి ఇంటర్నెట్టు ద్వారా కూడ టిక్కెట్లు అమ్ముచున్నారు. ఇంట కూర్చుండి నొక్కినను ఆ కోరిక పోయి చేరునది ఆ బండి లెక్క యున్న కేంద్రమునకే.