ఒక స్టేషన్ పెడితే రెండో స్టేషన్ పలికింది

1933లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఫిలిప్స్ పరిశోధకుడు బెర్నార్డ్ టెలెగెన్ స్విట్జర్లాండ్‌లోని బేరోమ్యున్‌స్టర్ రేడియో వింటున్నారు. ఆ కార్యక్రమం వెనక సన్నగా మరొకటి వినిపించింది. అది రేడియో లక్సెంబర్గ్‌ది! బేరోమ్యున్‌స్టర్ ప్రసారం మీడియం వేవ్‌లో, లక్సెంబర్గ్ ప్రసారం సుమారు 1190 మీటర్ల లాంగ్ వేవ్‌లో. రెండూ కలిసే వీల్లేదు.

పైన వాతావరణంలో విద్యుత్ పొర, అంటే అయనోఆవరణం, ఉందని అప్పటికే తెలుసు. 1902లో కెనెల్లీ, హెవిసైడ్ ఊహించారు. 1924లో ఆపిల్టన్, బార్నెట్ నిరూపించారు. అయితే ఆ పొర అద్దంలా తరంగాల్ని తిప్పి పంపుతుందనీ, దానిలో ఒక తరంగం జోలికి ఇంకొకటి పోదనీ అందరి నమ్మకం. టెలెగెన్ విన్నది ఆ నమ్మకానికే ఎదురు తిరిగింది.

జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఉన్న వి.ఎ. బెయిలీ అంతకుముందు ఆక్స్‌ఫర్డ్‌లో టౌన్సెండ్ దగ్గర, వాయువుల్లో ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో ప్రయోగశాలలో కొలిచారు. ఆ అనుభవమే ఇక్కడ అక్కరకొచ్చింది. 1934లో డి.ఎఫ్. మార్టిన్‌తో కలిసి ఆయన వివరణ ప్రకటించారు.

రేడియో తరంగం తాకితే ఆ పొరలోని బరువైన అయాన్లు దాదాపు కదలవు. ఎలక్ట్రాన్లు మాత్రం తరంగం లయకు అటూ ఇటూ ఊగుతాయి. ఊగడం ఒక్కటే అయితే, తీసుకున్న శక్తిని తిరిగి తరంగానికే ఇచ్చేస్తాయి. మధ్యలో గాలి అణువును ఢీకొంటేనే లయ తప్పుతుంది, ఆ శక్తి వేడిగా మిగిలిపోతుంది. పైగా ఎలక్ట్రాన్ మరీ తేలిక. ఒక్కో ఢీలో అణువుకు అప్పగించే శక్తి చాలా కొద్ది. అందుకే చుట్టూ గాలి చల్లగానే ఉన్నా ఎలక్ట్రాన్లు వేడెక్కుతాయి. వేడెక్కినవి ఇంకా తరచుగా ఢీకొంటాయి, ఆ దారిన వచ్చే ఇతర తరంగాలను మరింత మింగేస్తాయి.

లక్సెంబర్గ్ ట్రాన్స్‌మిటర్ శక్తి 200 కిలోవాట్లు, ఆ రోజుల్లో అది భారీ సంగతి. పైగా బేరోమ్యున్‌స్టర్ నుంచి ఐండ్‌హోవెన్‌కు వెళ్లే తరంగాల దారి ఆ ప్రాంతం మీదుగానే. లక్సెంబర్గ్ సంగీతంలోని హెచ్చుతగ్గులతో పాటు పైనున్న ఎలక్ట్రాన్ల వేడీ పెరిగి తగ్గింది. బేరోమ్యున్‌స్టర్ తరంగం ఆ మేరకు బలహీనపడుతూ, పుంజుకుంటూ లక్సెంబర్గ్ పాటను మోసుకొచ్చింది. మంద్ర స్వరాలే ఎక్కువ స్పష్టంగా రావడానికీ కారణం ఇదే: వేగంగా మారే ధ్వనిని అనుసరించి వేడెక్కి చల్లారేంత వ్యవధి ఎలక్ట్రాన్లకు ఉండదు.

శ్రోతకు ఇది చికాకే కావచ్చు. శాస్త్రవేత్తలకు మాత్రం, బెలూన్లు అందుకోలేని ఎత్తులో ఎలక్ట్రాన్లు ఎంత తరచుగా ఢీకొంటున్నాయో నేలమీద నుంచే లెక్కగట్టే ఉపాయం దొరికింది. తర్వాత పరిశోధకులు కావాలనే అయనోఆవరణాన్ని వేడి చేయడం మొదలుపెట్టారు: 1970 నుంచి అమెరికాలోని ప్లాట్‌విల్‌లో, 1980 నాటికి నార్వేలోని ట్రోమ్సో దగ్గర, ఆపైన అలాస్కాలోని గకోనాలో. గకోనాలో 180 యాంటెన్నాలు కలిసి 3,600 కిలోవాట్లను పైకి పంపుతాయి.