బొంబాయి సంఘమును వలస పక్షులును

1883వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన బొంబాయి నగరమునందు ఎనమండ్రు ప్రకృతి ప్రియులు సమావేశమై, నెలకొకమాఱు కలిసికొని తాము చూచిన జీవజాతులను గూర్చి ముచ్చటించుకొనుటకును, సేకరించిన నమూనాలను ఒండొరులకు చూపుకొనుటకును ఒక సంఘమును నెలకొల్పిరి. వారిలో ఆత్మారాం పాండురంగ్, సఖారాం అర్జున్ అను ఇరువురు భారతీయ వైద్యులుండిరి. ఇంత చిన్న సంకల్పముతో పుట్టిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము 1983లో శతవార్షికోత్సవమును దాటి నేటికిని నడచుచున్నది. దాని సేవలన్నిటిలోను 1886లో ఆరంభమైన పత్రికకే నేను అగ్రతాంబూలమిత్తును.

ఏలయన, వలస పక్షి ఏ ఒక్కని కంటికిని సంపూర్ణముగా చిక్కునది కాదు. శరదృతువున మన చెఱువునకు దిగిన బాతు ఎచ్చట గ్రుడ్లు పొదిగినదో గట్టుమీద నిలిచినవానికి తెలియదు. సైబీరియాలో దాని గూడు చూచినవానికి అది చలికాలము గడపు చోటు తెలియదు. అటవీ ఉద్యోగులు, వైద్యులు, సైనికులు, ఎవరైనను తాము చూచిన పక్షిని గూర్చి తేదీయు స్థలమును పేర్కొని నాలుగు పంక్తులు వ్రాసిపంపినచో, ఆ పత్రిక ఆదరముతో ముద్రించెను. అట్టి జాబులు దశాబ్దములతరబడి ప్రోగుపడగా, ఏ పక్షి ఏ నెలలో వచ్చి ఎప్పుడు మరలునో మనకు తెలియవచ్చినది.

మన ప్రాంతమునకు సంబంధించి అందు వెలువడిన మహత్కార్యము హైదరాబాదు సంస్థాన పక్షి పరిశీలనము. 1931-32లో పక్షిశాస్త్రజ్ఞులు సలీం అలీగారు భార్య తెహ్మీనాతో కూడి, జీతమాశింపక, ఖర్చులు మాత్రమే పుచ్చుకొని, తెలంగాణమును మరాఠ్వాడాను కలిపియున్న ఆ విశాల సంస్థానమున విడిదినుండి విడిదికి సంచరించిరి. ఆనాడు పక్షిని తుపాకితో కొట్టి, చర్మమునొలిచి దూది కూరి, కాలికి చీటి కట్టి, దానిపై చోటు, తేదీ, ఆడమగ భేదము, రెక్కల కొలతలు వ్రాయుట పద్ధతి. ఇంగ్లాండులోని పక్షిశాస్త్రజ్ఞుడు హ్యూ విస్లర్ ఆ నమూనాలను పరీక్షించి వ్రాసిన వివరణలతో నివేదిక ఖండశః ప్రకటితమైనది. ప్రాణము తీసి తెలిసికొనుట మనసునకు కష్టమే. కాని ఒకే రూపున కనబడు చిన్న పిట్టలలో స్థానికమేదో, ఉత్తరమునుండి వచ్చినదేదో తేల్చుటకు అప్పటికి వేఱుదారి లేకుండెను.

చంపక తెలిసికొను ఉపాయము కాలికి అల్యూమినియపు కడియము తొడిగి విడుచుట. 1957లో మైసూరు రాష్ట్రపు షిమోగా జిల్లాలో క్యాసనూరు అడవి జ్వరము బయలుదేఱగా, రష్యాలోని ఒక వ్యాధి వైరసును పోలిన ఆ జ్వరపు వైరసును వలస పక్షులే పిడుదులద్వారా మోసికొనివచ్చినవా యను శంక పొడమెను. 1959లో ప్రపంచారోగ్య సంస్థ తోడ్పాటుతో సంఘము కడియములు తొడుగు పనిని విస్తృతముగా చేపట్టెను. తరతరాలుగా పక్షులను పట్టి అమ్ముకొని జీవించిన బీహారు మీర్‌షికార్లు అప్పుడు ఈకయైన నలగకుండ పిట్టలను పట్టి శాస్త్రజ్ఞుల చేతికిచ్చిరి. వారిలో అలీ హుస్సేన్ నేర్పు జగత్ప్రసిద్ధము. పండితుల పేర్లు వ్రాయు చరిత్రకారులు ఈ చేతులను విస్మరింపరాదు. భరత్‌పూరులో కడియము తొడిగిన బాతులు సైబీరియాలో దొరకినపుడు, ఆ కడియములపై చెక్కిన బొంబాయి చిరునామానుబట్టియే వార్త తిరిగి వచ్చినది.

వలస పక్షి కాకపోయినను కలివికోడిని ఇచట తలపకుండలేను. 1848లో ప్రకృతిశాస్త్రజ్ఞుడు జెర్డన్ గుర్తించిన ఆ పక్షి 1900 తరువాత మాయమైనదని లోకము నమ్మియుండగా, 1986లో సంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా సిద్ధవటము చేరువ చిట్టడవిలో దానిని మరల కనుగొనిరి. రాత్రివేళ సంచరించు ఆ పక్షి అచటి వేటకాండ్రకు తెలిసియే యుండెను. వారినడిగినవారే చాలకాలము లేకపోయిరి.

ఊరివారి కంటికే తెలియు సంగతులు ఇట్టివి మఱియు కలవు. ఆంధ్రదేశమున నేలపట్టు చెఱువుకడ గూడబాతులు ఈశాన్య ఋతుపవనమును నమ్ముకొని వచ్చును. వాన ఆలసించిన యేడు అవియు ఆలసించును. 1987నుండి జరుగుచున్న జనవరి మాసపు నీటిపక్షుల గణన ఒక్క మాసపు లెక్కను మాత్రమే ఇయ్యగలదు. తక్కిన మాసముల లెక్క ఊరివారు వ్రాయవలసినది. ఉపాధ్యాయులు, రైతులు తమ చెఱువునకు తొలి పక్షి దిగిన దినమును, కడపటిది లేచిపోయిన దినమును, అసలే దిగని సంవత్సరమును గూడ తేదీతో వ్రాసి సంఘమునకు పంపవలెనని నా ప్రార్థన.