మసాజ్ థెరపిస్టుల ధ్రువీకరణ (కాలిఫోర్నియా)

అమెరికాలో చాలా రాష్ట్రాలు మసాజ్ వృత్తికి రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి చేశాయి. కాలిఫోర్నియా దారి వేరు. అక్కడున్నది స్వచ్ఛంద ధ్రువపత్రం. ఇచ్చేది కూడా ప్రభుత్వ శాఖ కాదు. 2008 నాటి చట్టంతో రూపుదిద్దుకున్న లాభాపేక్ష లేని సంస్థ, కాలిఫోర్నియా మసాజ్ థెరపీ కౌన్సిల్. అంతకుముందు ఊరికో నిబంధన. పక్క ఊళ్లో పనిచేయాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము.

దరఖాస్తుదారుకు 18 ఏళ్లు నిండాలి. గుర్తింపు ఉన్న బడిలో 500 గంటల శిక్షణ కావాలి. అందులో కనీసం 100 గంటలు శరీర నిర్మాణం, పరిశుభ్రత వంటి పాఠాలకే. అసలు వడపోత మాత్రం వేలిముద్రల దగ్గరే. ‘లైవ్ స్కాన్’ కేంద్రంలో సిరాతో పనిలేదు. గాజుపలక మీద వేళ్లు ఆనిస్తే ముద్రలు రాష్ట్ర న్యాయశాఖకూ ఎఫ్‌బీఐకీ చేరతాయి. తర్వాతెప్పుడైనా అరెస్టయితే ఆ కబురూ కౌన్సిల్‌కు అందుతుంది.

పత్రం గడువు రెండేళ్లు. అది ఉన్నవారిని నగరాలు మరో నేరచరిత్ర తనిఖీ అడగకూడదు. అయితే మసాజ్ కేంద్రాల స్థలంపై నియంత్రణాధికారం 2014 చట్టంతో స్థానిక సంస్థలకు తిరిగి దక్కింది. ఈ పత్రం లేనిదే పని చేయనివ్వని నగరాలూ ఉన్నాయి. అక్కడ ‘స్వచ్ఛందం’ పేరుకే.