కాలేజ్ ఇంగ్లిష్ టెస్ట్ (చైనా)

కాలేజ్ ఇంగ్లిష్ టెస్ట్ చైనా విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు ప్రధానాంశంగా లేని విద్యార్థుల భాషా సామర్థ్యాన్ని కొలిచే జాతీయ పరీక్ష. విద్యామంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో ఏటా జూన్, డిసెంబరు నెలల్లో జరుగుతుంది. నాలుగో స్థాయి 1987లో, అంతకన్నా కఠినమైన ఆరో స్థాయి 1989లో మొదలయ్యాయి. విడతకు లక్షలాది మంది రాస్తారు.

మార్కుల్లో వినడానికి 35 శాతం, చదవడానికి 35 శాతం కేటాయించారు. మిగిలినవి వ్యాసరచనకు, చైనీసు నుంచి ఇంగ్లీషులోకి అనువాదానికి చెరిసగం.

ఎక్కువమందిని భయపెట్టేది వినే భాగమే. నాలుగో స్థాయిలో సుమారు 25 నిమిషాల్లో వార్తలు, సంభాషణలు, ప్రసంగ భాగాలు విని 25 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ఆరో స్థాయిలో వార్తల బదులు ఉపన్యాసాలు వస్తాయి. రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. చాలా క్యాంపస్‌లలో దాన్ని ఎఫ్‌ఎం తరంగాలపై ప్రసారం చేస్తారు, హెడ్‌ఫోన్ అభ్యర్థే తెచ్చుకోవాలి. కాబట్టి ముందుగా ఫ్రీక్వెన్సీ, బ్యాటరీ సరిచూసుకోవడం తప్పనిసరి. ఈ భాగం ముగియగానే మొదటి జవాబు పత్రం లాగేసుకుంటారు. చెవిన పడని మాటను తర్వాత తీరిగ్గా ఊహించి దిద్దుకునే వీలుండదు.

చదివే భాగానికి 40 నిమిషాలు. మొదట ఒక పేరాలోని పది ఖాళీలను పదిహేను పదాల్లోంచి ఎంచి పూరించాలి. తర్వాత ఒక పెద్ద వ్యాసం ఇచ్చి, పది వాక్యాల్లో ఏ సంగతి ఏ పేరాలో ఉందో పట్టుకోమంటారు. ఇక్కడ పరీక్షించేది వేగాన్ని. చివరి రెండు గద్యభాగాలను మాత్రం నిదానంగా చదవాలి.

2005 సంస్కరణల్లో నూటికి మార్కులు వేసే పద్ధతి పోయి 710 గరిష్ఠమైంది. ఎంపిక చేసిన విద్యార్థి సమూహం సగటును 500గా, ప్రామాణిక విచలనాన్ని 70గా తీసుకున్నారు; సగటుకు మూడు విచలనాలు కలిపితే వచ్చేదే ఆ 710. అప్పటినుంచి ఉత్తీర్ణతా పత్రం లేదు, మార్కుల నివేదికే ఇస్తారు. ఆరో స్థాయి రాయడానికి నాలుగో స్థాయిలో 425 కావాలి. యజమానులు ఆ అంకెనే పాసు మార్కుగా పట్టుకున్నారు. వినే భాగం వాటాను 20 నుంచి 35 శాతానికి పెంచిందీ ఆ సంస్కరణలే. చదివి జవాబు గుర్తించగలిగినా, ఎదుటివారి మాట అందుకోలేని పట్టభద్రులు తయారవుతున్నారన్న విమర్శ అప్పటికే గట్టిగా ఉంది, అందులో న్యాయమూ ఉంది. మాట్లాడే పరీక్ష 1999 నుంచి ఉన్నా, అది విడిగా నిర్వహించేదే.

మంత్రిత్వ శాఖ అడగకపోయినా పలు విశ్వవిద్యాలయాలు నాలుగో స్థాయిని డిగ్రీకి షరతు చేశాయి. తరగతిని పరీక్ష శిక్షణగా మార్చింది ప్రశ్నపత్రం కన్నా ఈ షరతే. క్రమంగా అనేక సంస్థలు దాన్ని వదులుకున్నాయి. షియాన్ జియావోటోంగ్ విశ్వవిద్యాలయం 2023లో తొలగించింది.