దుప్పికి తగిన గుండు

తిరుపతికి పడమరగా, భాకరాపేట ప్రాంతమున శేషాచలపు కొండల నడుమనున్న చామల లోయ ఒకప్పుడు వేటగాండ్రకు పేరెన్నికగన్న చోటు. బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ ఇచ్చటి నరభక్షక వ్యాఘ్రమును గురించి 1954లో వెలువడిన తన గ్రంథమున వ్రాసినాడు. ఆయన రైఫిలు .405 వించెస్టరు. పులికి పెద్ద తుపాకి కావలెననుట ఎవరైనను ఒప్పుకొందురు. దుప్పి దగ్గరికి వచ్చుసరికి, జింకజాతియే కదా, చిన్న తుపాకి చాలదా యను భావము కలుగును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

తుపాకి గొట్టపు లోపలి వ్యాసమును 'బోరు' అందురు. 1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియే పొగలేని తుపాకిమందును కనుగొనెను. 1886లో ఫ్రెంచి సైన్యము 11 మిల్లీమీటర్ల బోరును విడిచి 8 మిల్లీమీటర్ల లెబెల్ రైఫిలును చేపట్టినది. గుండు సన్నబడినది గాని వేగము హెచ్చినది. గతిజశక్తి వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. కనుక సన్నని గుండు బలహీనమైనది కానేరదు.

అయితే చిన్న బోరులన్నియు ఒక్కటి కావు. జిమ్ కార్బెట్ వాడిన .275 రిగ్బీ రైఫిలు బోరు సుమారు 7 మిల్లీమీటర్లు. 9 గ్రాముల గుండు సెకనుకు 830 మీటర్ల వేగమున పోయినచో దాని శక్తి సుమారు 3,100 జౌళ్ళు. పిట్టలకును కుందేళ్ళకును వాడు .22 రైఫిలు బోరు 5.6 మిల్లీమీటర్లు, 2.6 గ్రాముల గుండు, 330 మీటర్ల వేగము, శక్తి 140 జౌళ్ళు మాత్రమే. బోరులో తేడా 1.4 మిల్లీమీటర్లు, శక్తిలో ఇరువది రెట్లకు పైమాటే! విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా కట్టి చూడవచ్చును.

ఎదిగిన పోతుదుప్పి సుమారు 75 కిలోలు తూగవచ్చును. .22 గుండు దాని పొట్టలో దిగినచో అది అక్కడ కూలదు. పొదలలో పడి పారిపోయి, ఏ రెండు దినములకో చచ్చును. వేటగాడు గురి తప్పినదనుకొని ఇల్లు చేరును. గురి నిజముగా తప్పినను ఆ చిన్న గుండు కిలోమీటరుకు పైగా పోగలదు. ఆవులను మేపుకొను పిల్లలు తిరుగు అడవి అది. అందుచేతనే తెలిసిన వేటగాండ్రు జంతువునకు తగిన బోరును ఎన్నుకొనుట, ప్రక్కనుండి గుండెకాయకు గురి కుదిరిననే కాల్చుట, నెత్తురు జాడను పట్టి గాయపడినదానిని వెదకి తీరుట నియమముగా పెట్టుకొనిరి. ఈ మూడింటిలో కడపటిదే కష్టము, దానినే ఎక్కువమంది ఎగవేసిరి.

1912 నాటి చట్టము జింకజాతులకు వేట నిషిద్ధకాలమును నిర్ణయించుటకు ప్రభుత్వములకు అధికారమిచ్చినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము మరియొక అడుగు వేసి, పెద్ద జంతువులను రైఫిలుతో తప్ప వేటాడరాదనెను. ప్రత్యేకానుమతి యున్నచో షాట్‌గన్నులో ఒంటి గుండు వాడవచ్చును. రవ్వలు చల్లి గాయపరచి వదలుటను ఆపుటకే ఈ నిబంధన యని నా అభిప్రాయము. 1991 సవరణతో వేట లైసెన్సులే రద్దయినవి. అంతకు రెండేండ్లు ముందే, 1989లో, శేషాచలపు అడవులలో శ్రీ వేంకటేశ్వర జాతీయవనము ఏర్పడినది.